పోస్టులో వచ్చిన పన్నెండు గుడ్లు

కూర్మమ్మ కట్టిన పార్శిల్లో గుడ్డు పగిలిందన్న మాట మూడేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ గుడ్లు గుంటూరు వెళ్లాయి, బళ్లారి వెళ్లాయి, ఒకసారి కటక్ దాకా వెళ్లాయి. పంపిన మనిషి మాత్రం సింహాచలం కొండ దాటి అవతలకి ఎప్పుడూ వెళ్లలేదు.

ఆమెది నెల్లిమర్లకు ఆటోలో అరగంట దూరంలో ఉన్న గుమ్మడివలస. ఎకరంన్నర మెరక పొలం. వాన పడితే వేరుశెనగ, సరిగ్గా పడకపోతే గోగు. భర్త జగన్నాధం జనపనార మిల్లులో పాతికేళ్లు చేసి, మోకాళ్లు అరిగి మానేశాడు. ఒక్కతే కూతురు గౌరి. ఆమదాలవలసలో బియ్యం కొట్టు ఉన్నవాళ్లకిచ్చారు. అలాంటి సంసారాలు ఆ ఊళ్లో నలభై ఉంటాయి. పూల కోళ్లున్న ఇల్లు మాత్రం అదొక్కటే.

పూల కోడి అంటే ఒక్కో ఈక మీదా మూడు రంగులు కలిసి ఉంటాయి. నలుపు మీద ఎరుపు, ఎరుపు చివర తెల్లటి చుక్క. ఎండలో పెట్ట నడిచి వెళ్తుంటే ఎవరో చీర ఆరేసినట్టుంటుంది. కూర్మమ్మ కాపరానికి వచ్చిన మొదటి వానాకాలంలో అత్తగారు ఒక పెట్టనీ, దాని కింద పదకొండు గుడ్లనీ చూపించి, "ఇయ్యి నీయి. పెంచుకుంతావో వండుకుంతావో నీ ఇష్టం, నాను అడగను" అంది. అన్నట్టే చనిపోయే వరకూ అడగలేదు. కూర్మమ్మ ముప్పై ఏళ్లకు పైగా ఆ రకాన్ని చెడకుండా కాపాడింది. పక్కింటి పుంజు గోడ ఎక్కితే చేతిలో ఏది ఉంటే అది విసిరేది. ఊళ్లో అడిగినవాళ్లకు గుడ్లిచ్చేది, కానీ వాళ్ల దొడ్లలో అవి మామూలు నాటు కోళ్లతో కలిసిపోయి రెండేళ్లకే రంగు పోయేవి. ఆమె దొడ్లో మాత్రం ఎప్పుడూ ముప్పైకి తక్కువ ఉండేవి కావు. ఏ పెట్ట ఎవరి కూతురో, ఏది ఎన్ని రోజులకొకసారి గుడ్డు పెడుతుందో నోటికి చెప్పేది.

ఈ పార్శిళ్ల వ్యవహారానికి మూలం అనూరాధ. ఆ ఊరి పోస్టాఫీసు అంటే అనూరాధ ఇంటి ముందు గది. ఒక బల్ల, ఒక బీరువా, తూకం యంత్రం, గోడకి ఎర్ర డబ్బా. కూర్మమ్మను పిన్నీ అని పిలుస్తుంది, వరస లేకపోయినా. ఒకరోజు ఆమె దొడ్లోని పుంజును ఫోన్లో ఫొటో తీసి, కోళ్లు పెంచేవాళ్ల గ్రూపు ఒకదానిలో పెట్టింది. నాలుగో రోజుకి ఆ ఫొటో పట్టుకుని కారులో ఒకతను దిగాడు.

అతని పేరు ఉమాశంకర్. ముప్పై అయిదేళ్లుంటాయి. చెప్పులు గుమ్మం కింద విడిచి లోపలికి వచ్చాడు. "మాదీ విజయనగరమేనమ్మా. ఇప్పుడు హైదరాబాద్ అవతల ఫామ్ పెట్టాను" అన్నాడు. ఎండుచేపల పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. తిన్నాక దొడ్లో గంటసేపు గొంతుక్కూర్చుని కోళ్లనే చూశాడు. ఆ చూపు కూర్మమ్మకు నచ్చింది. ఇంట్లోవాళ్లు కూడా వాటిని అలా చూసింది లేదు.

"ఒక జత ఇవ్వండమ్మా" అని అడిగాడు.

"జత ఇవ్వను బాబూ. పుంజుని పట్టుకెల్లి కత్తి కడతారు."

"నేను కట్టను. పెంచుకోడానికే."

"అందరూ అలగే అంటారు. గుడ్లయితే ఇస్తాను. పొదగేసుకో. పిల్లప్పట్నించి సూసుకున్నోడికి కత్తి కట్టడానికి సెయ్యి రాదు."

ఆ రోజు ఇంట్లో నాలుగే తాజా గుడ్లున్నాయి. మిగతావి వారమైపోయినవి, పొదగడానికి పనికిరావు. హైదరాబాద్ దాకా గుడ్లు ఎలా వస్తాయని అతను దిగులుపడితే, అనూరాధే "పోస్టులో పంపుతాం, మీ అడ్రసు ఇచ్చి వెళ్లండి" అంది.

మొదటి పార్శిలు కట్టడానికి కూర్మమ్మకు ఒక పూట పట్టింది. నూకయ్య కొట్లో బిస్కెట్ల అట్టపెట్టె తెచ్చుకుంది. అడుగున ఊక పోసింది. ఒక్కో గుడ్డును పేపర్లో చుట్టి, పైన జనపనార పీచు చుట్టి, సన్నటి మొన కిందకి ఉండేలా నిలబెట్టింది. పొదగేసే గుడ్డును కడగకూడదు, అందుకని మట్టి అంటుకున్న వాటిని పక్కన పెట్టేసింది. ఊక కారిపోతుందని అనూరాధ గొడవ చేస్తే పెట్టె మొత్తాన్ని పాత దుప్పటి గుడ్డలో పెట్టి కుట్టింది. చివరికి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. లోపల చిన్న చప్పుడు కూడా రాలేదు. అనూరాధ పైన మూడు భాషల్లో రాసింది, లోపల గుడ్లున్నాయి, నెమ్మదిగా దించండి అని. ఆటోలో నెల్లిమర్ల దాకా ఒళ్లోనే పెట్టుకుని వెళ్లి, అక్కడ పెద్ద పోస్టాఫీసులో మనిషి చేతికిచ్చి వచ్చింది.

ఇరవై అయిదు రోజులకు ఫోన్లో ఒక వీడియో వచ్చింది. పన్నెండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. ఎర్ర ప్లాస్టిక్ పళ్లెంలో నూకలు ఏరుకు తింటున్నాయి. కూర్మమ్మ ఆ వీడియోను పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని ఎనిమిదిసార్లు వేయించుకుంది. "ఆ మూలనున్నది మన కుంటి పెట్ట మనవరాలే. నడక సూడు" అంది. అనూరాధకు అన్నీ ఒకేలా కనిపించాయి.

ఆ తర్వాత మూడేళ్లూ ఆమె జీవితంలో మంచి రోజులు. ఉమాశంకర్ నెలకోసారి గుడ్లు అడిగేవాడు, "రకం తగ్గకుండా ఉండాలంటే మీ దగ్గరి కొత్త రక్తం కావాలమ్మా" అనేవాడు. కూర్మమ్మ అడిగినంతకు తక్కువ ఎప్పుడూ పంపలేదు. అతని ద్వారా విన్నవాళ్లు, గ్రూపులో చూసినవాళ్లు ఇంకో పాతికమంది పోగయ్యారు. ఎవరికైనా రెండు గుడ్లు పిల్లలవ్వకపోతే ఆమె తరవాతి పెట్టెలో రెండు ఎక్కువ పెట్టేది. పిల్లలు నీరసంగా ఉన్నాయని ఎవరైనా ఫోన్ చేస్తే పసుపు, ఉల్లిపాయ ఎలా కలిపి పెట్టాలో అరగంట చెప్పేది. జగన్నాధం నవ్వేవాడు. "ఒసే, నీకు కూతురొక్కత్తే అనుకున్నాను. బళ్లారిలో కూడా కానుపులు సేయిస్తన్నావు."

రెండో ఏడు ఉమాశంకర్ యూట్యూబులో ఛానెల్ పెట్టాడు. అనూరాధ ఒకరోజు మొహం మాడ్చుకుని ఆ వీడియో తెచ్చి చూపించింది. పూల పుంజును చేతి మీద నిలబెట్టుకుని అతను చెబుతున్నాడు. ఇది శంకర్ పూల అట. వాళ్ల తాతగారు కాపాడిన రకమట. దేశంలో ఇంకెక్కడా లేదట.

"పిన్నీ, నీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అడగనా?"

"అడిగితే ఏటవుతాది? కోడికి పేరేటి. తిండి పెట్టినోడిదే కోడి" అని కూర్మమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ఇంటికొచ్చాక మాత్రం చాలాసేపు దొడ్లో ఊరికే నిలబడింది. ఆ సాయంత్రమే అతనికి పన్నెండు గుడ్ల పార్శిలు కట్టాల్సి ఉంది. కట్టింది.

గౌరికి నెలలు నిండాయని కబురొచ్చింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని ఉన్నా, డాక్టరు ప్రయాణం వద్దందని కూర్మమ్మే ఆమదాలవలస వెళ్లింది. పదిహేను రోజులనుకున్నది నెలా పదిరోజులైంది. ఎండాకాలం. ఏటా ఆ రోజుల్లోనే కోళ్లకి కొక్కెర తెగులు రాకుండా చుక్కల మందు వేయించేది. ఫోన్లో రెండుసార్లు గుర్తు చేసింది. "ఏయిస్తాను, నువ్వు పిల్లని సూసుకో" అన్నాడు జగన్నాధం. మోకాళ్ల నొప్పితో అతను పశువుల ఆసుపత్రి దాకా వెళ్లలేకపోయాడు. రేపు, ఎల్లుండి అనుకున్నాడు.

అతను చేసిన ఇంకో పని ఉంది. భార్య తిరిగి వచ్చేసరికి సంతోషపెడదామని, పక్కూరి సంతలో రెండు పెట్టలు కొన్నాడు. అచ్చం పూల రంగులాగే కనిపించాయి. అంత బాగున్నవి చవగ్గా ఎందుకిస్తున్నారని అడగలేదు. నొప్పి కాళ్లతో గంప నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చి, మిగతావాటితో కలిపి వదిలాడు.

మూడో రోజుకి కొత్త పెట్టలు రెండూ మెడ తిప్పేసి పడిపోయాయి. అయిదో రోజుకి పెద్ద పుంజు. కూర్మమ్మ బస్సు దిగి, మనవరాలికి కట్టిన మొలతాడు సంగతి చెప్పుకుంటూ ఇంట్లోకి వచ్చేసరికి జగన్నాధం దొడ్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. ముప్పైకి పైగా ఉన్నవాటిలో అతని చుట్టూ పదమూడే మిగిలాయి, వాటిలోనూ తొమ్మిది కదలడం లేదు.

"ఏటైనాది?"

సంత పెట్టల్ని కట్టి తెచ్చిన తాడు ఇంకా గూటి మీద వేలాడుతోంది. కూర్మమ్మ దాన్ని చూసింది, అతన్ని చూసింది. ఏమీ అడగలేదు. మూడు రోజులు కంటి మీద కునుకు లేకుండా మిగిలిన వాటి నోట్లో నీళ్లు పోసింది. నాలుగో నాటికి పోయడానికి నోరున్నది ఒక్కటి కూడా మిగల్లేదు. ఊళ్లో మిగతావాళ్ల కోళ్లకీ అదే గతి పట్టింది. పొలం గట్టున గొయ్యి తీసి, సున్నం చల్లి, అన్నిట్నీ పూడ్చారు. జగన్నాధం అడ్డుపడినా వినకుండా తట్ట ఆమే మోసింది.

"నాను సంతకి ఎల్లకపోయుంటే బాగున్ను" అన్నాడతను వారం తర్వాత.

"నాను ఊరెల్లకపోయుంటే బాగున్ను" అంది ఆమె. ఇద్దరి మధ్యా ఆ విషయం మీద జరిగిన మాటలు అంతే.

దొడ్డి ఖాళీగా ఉన్నా ఆమెకు తెల్లవారుజామునే మెలకువ వచ్చేది. నూకలు గుప్పిట్లోకి తీసుకుని గుమ్మం దాటాక గుర్తొచ్చేది. పోస్టాఫీసు నుంచి అనూరాధ గుడ్లకోసం వచ్చే ఫోన్లకు "ఇప్పుడు లేవండి" అని చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత ఆమెకే తట్టింది. "పిన్నీ, మనం ఇంతమందికి పంపాం కదా. ఎవరో ఒకరి దగ్గర ఉండవా?"

ఇద్దరూ కూర్చుని పాత రశీదుల మీద ఉన్న ఫోన్ నంబర్లన్నిటికీ చేశారు. ఒకాయన పుంజుల్ని బరిలోకి దింపి పోగొట్టుకున్నాడు. ఒకామె అమ్మేసింది. కటక్ ఆయన దగ్గర కోళ్లు ఉన్నాయి గానీ వేరే రకాలతో కలిపేశాడు. బళ్లారి వాళ్లు పండక్కి కోసుకున్నామని నిజమే చెప్పారు. రకం చెడకుండా ఉన్నది ఒక్క ఉమాశంకర్ దగ్గరే.

అతను ఫోన్ ఎత్తలేదు. రోజుకు రెండుసార్లు చొప్పున ఎనిమిది రోజులు చేశారు. తొమ్మిదో రోజు ఎవరో అమ్మాయి ఎత్తి, గుడ్లు కావాలంటే ఆన్‌లైన్లో ఫారం నింపి, డబ్బు ముందు కట్టి, వరసలో ఉండాలని చెప్పింది. "గుమ్మడివలస కూర్మమ్మ అని సెప్పు తల్లీ, సారుకి తెలుస్తాది" అంది కూర్మమ్మ. "సార్‌కి చెప్తానండి" అని ఆ అమ్మాయి పెట్టేసింది. సారు నుంచి ఏ కబురూ రాలేదు.

అనూరాధ ఫారం నింపింది. డబ్బు కట్టారు. ఆ ఫారంలో పేరు, ఊరు, పిన్ కోడు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. రెండు నెలల తర్వాత పార్శిలు వచ్చింది.

ఎంత చక్కగా కట్టారో! తెల్లటి స్పాంజిలో గుండ్రటి గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు. పైన రంగుల్లో అచ్చేసిన పుంజు బొమ్మ, కింద 'శంకర్ పూల' అని బంగారు అక్షరాలు. కూర్మమ్మ ఒక్కొక్కటే తీసి చూసింది. పన్నెండూ బాగున్నాయి. కొంచెం పొడుగ్గా, లేత గోధుమరంగులో, ఆమె దొడ్లో గుడ్లలాగే ఉన్నాయి. ఒకటి చెంపకు ఆనించుకుంది. అనూరాధ మొహం పక్కకి తిప్పుకుంది.

ఊళ్లో తెగులు తర్వాత మళ్లీ కోళ్లు తెచ్చుకున్నది పక్కవీధి నీలవేణి. ఆమె నల్ల పెట్ట అప్పుడే పొదుగు మీదికి వచ్చింది. సొంత గుడ్లు పది సిద్ధంగా పెట్టుకుని కూడా, నీలవేణి వాటిని పక్కన పెట్టేసి పెట్టను చంకలో పెట్టుకుని తెచ్చింది.

"నా గుడ్లకేటి వొదినా, మళ్లీ పెడతాది. ముందు నీయి కానీ."

కూర్మమ్మ గంపలో గడ్డి వేసి, గుడ్లు పరిచి, పెట్టను కూర్చోబెట్టింది. అది కాసేపు సణిగి, రెక్కల కిందకు పన్నెండిటినీ లాక్కుంది. ఆ రోజు ఇంట్లో చాలాకాలానికి జగన్నాధం గట్టిగా మాట్లాడాడు. దొడ్డి చుట్టూ వల కట్టాడు. చుక్కల మందు ఎప్పుడు వేయించాలో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు.

ఏడో రోజున గుడ్లకి వెలుగు పట్టి చూడాలి. జీవం పడితే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. మధ్యాహ్నం పూట తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో గోనెలు కుక్కి, అనూరాధ ఫోన్ లైటు మీద గుడ్డు నిలబెట్టింది కూర్మమ్మ. లోపల ఏమీ లేదు. రెండోది కూడా ఖాళీగానే ఉంది. పన్నెండూ చూసింది.

"దూరం నించొచ్చినాయి కదా. ఆలస్యమవుతాది" అంది.

"అవుతుందా పిన్నీ?"

"అవుతాది." తను పంపిన గుడ్లలో ఏవీ అలా ఆలస్యం కాలేదని ఇద్దరికీ తెలుసు.

పదో రోజున మళ్లీ చూసింది. పన్నెండో రోజున ఎవరికీ చెప్పకుండా, తనొక్కతే వంటింట్లో పళ్లెం ముందు పెట్టుకుని ఒక గుడ్డు పగలగొట్టింది. పచ్చసొన జారింది. తెల్లసొన మాత్రం సగమే జారింది. మిగతా సగం పెంకు లోపలి వైపు పలచటి తెల్లటి పొరలా గట్టిపడి అతుక్కుపోయి ఉంది. ఆమె దాన్ని గోటితో గీకింది. ఇంకోటి పగలగొట్టింది. మూడోది. నాలుగోది. అన్నింట్లో అదే పొర.

నలభై ఏళ్లు గుడ్లు వండిన మనిషి. మరుగుతున్న నీళ్లలో గుడ్డును కొద్దిసేపు ముంచి తీస్తే ఎలా అవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెంకు పగలదు, బరువు మారదు, చూడ్డానికి ఏ తేడా తెలియదు. పిల్ల మాత్రం ఎప్పటికీ అవ్వదు.

పళ్లెం ముందు ఆమె ఎంతసేపు కూర్చుందో గానీ, జగన్నాధం వచ్చేసరికి చీమలు పట్టాయి.

"ఏటే ఇది?"

"సంపేసి పంపినాడు" అంది కూర్మమ్మ. "కడుపులో ఉండగానే సంపేసి, స్పాంజిలో పెట్టి పంపినాడు."

నీలవేణి పెట్ట ఇంకా ఆ మిగిలిన ఎనిమిదిటి మీదే కూర్చుని ఉంది. లేపబోతే పొడిచింది. దాన్ని లేపడానికి చేతులు రాక, కూర్మమ్మ నీలవేణిని పిలిపించింది.

అనూరాధకు కోపం ఆగలేదు. ఛానెల్ కింద రాసేస్తానంది, పోలీసు కంప్లైంటు ఇద్దామంది. కూర్మమ్మ వద్దంది. "ముందు మాటాడతాను. ఫోన్ కలుపు." ఈసారి వేరే నంబరు నుంచి చేశారు. రెండో రింగుకే ఎత్తాడు.

"నాను కూర్మమ్మని బాబూ."

"అమ్మా! ఎలా ఉన్నారు? విన్నాను, కోళ్లు పోయాయని. చాలా బాధేసింది."

"గుడ్లు వచ్చినాయి."

"వచ్చాయా? పగల్లేదు కదా?"

"పగల్లేదు. ఎన్ని నిమిషాలు ముంచినావు?"

అతని వెనక కోళ్ల అరుపులు వినిపిస్తున్నాయి. వందల కోళ్లు. వాటి గొంతులు ఆమె పోల్చుకోగలదు.

"ప్రయాణంలో వేడి తగిలి ఉంటుందమ్మా. ఎండలు..."

"నాను మూడేళ్లు ఎండల్లో పంపినాను. నీకే పంపినాను."

అతని గొంతు మారింది. "అమ్మా, ప్యాకింగ్ కుర్రాళ్లు చేస్తారు. మీవని చెప్పి ఉంటే వేరేగా తీసేవాళ్లు. అందరి బాక్సులతో పాటు మీదీ వెళ్లిపోయింది."

"అంటే అందరికీ అలగే పంపుతున్నావు."

"గుడ్లు బతికినవి అమ్మితే రేపు ప్రతి ఊళ్లోనూ నా రకమే ఉంటుంది. నా దగ్గర కోళ్లు ఎవరు కొంటారు? ఫామ్ మీద ఎంత పెట్టానో మీకు తెలీదు. నన్ను చూసి పదిమంది తయారయ్యారు ఇప్పటికే."

"నిన్ను సూసి నాను తలుపేసుకోలేదు కదా."

అతను ఫామ్ మాట వదిలేశాడు. "తప్పయింది. మీకు ఒక జత ఇస్తాను. డబ్బొద్దు. మా వ్యాను వచ్చే వారం విజయనగరం వస్తుంది. ఒక్కటే, చిన్న కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ జత గుడ్లు గానీ, పిల్లలు గానీ బయట ఎవరికీ ఇవ్వకూడదు, పంపకూడదు. ఇది అందరితో పెట్టించుకునేదే."

అనూరాధ ఫోన్ లాక్కోబోయింది. కూర్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆలోసించి సెప్తాను" అని పెట్టేసింది.

ఆ వారం ఆమె ఆలోచించినంతగా కూతురు పెళ్లప్పుడు కూడా ఆలోచించలేదు. అతను ఫోన్లో పంపిన కాగితం నెల్లిమర్లలో ప్రింటు తీయించి తెచ్చి అనూరాధ చదివి వినిపించింది. మాట తప్పితే కోళ్లు వెనక్కి తీసుకుంటామని, కోర్టుకు వెళ్తామని ఉంది. "సంతకం పెట్టకు పిన్నీ. నీ కోళ్లు నీకివ్వడానికి వాడెవడు?" అంది అనూరాధ. జగన్నాధం ఏ వైపూ మాట్లాడలేదు. తనకు మాట్లాడే హక్కు లేదనుకున్నాడు.

"పెట్టకపోతే ఏటవుతాది? నాను మంచిదాన్ననిపించుకుంటాను. కోడి ఉండదు" అంది కూర్మమ్మ. "నాకు కోడి కావాల."

ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

విజయనగరం బస్సుల కాంప్లెక్సు దగ్గర వ్యాను ఆగింది. డ్రైవరు రెండు బోనులు దించి, కాగితం తీసుకుని, ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. పుంజుకీ పెట్టకీ కాలికి ఎర్ర ప్లాస్టిక్ రింగు, దాని మీద నంబరు ఉన్నాయి. ఆటోలో బోను ఒళ్లో పెట్టుకుని కూర్మమ్మ దారంతా పెట్టతో మాట్లాడింది. అది బెదిరిపోయి మూలకు నక్కింది. సిమెంటు నేల మీద పుట్టి పెరిగిన కోడి. దొడ్లో వదిలితే మట్టిని గీరడం కూడా రాలేదు. రెండు వారాలు పట్టింది నేర్పడానికి.

ఏడాదికి పదకొండయ్యాయి. రంగు పోలేదు, నడక పోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు దొడ్డి మళ్లీ పాత దొడ్డిలా ఉందన్నారు. ఫోన్లు కూడా మొదలయ్యాయి. గుంటూరాయన చేశాడు, కటక్ ఆయన చేశాడు. అనూరాధ అందరికీ లేవనే చెప్పింది. రోజూ గుడ్లు పోగవుతుంటే పొదగేయగలిగినన్ని వేసి, మిగతావి కూర్మమ్మ కూర వండేది. జగన్నాధం రెండు పూటలా ఆ కూరే తినేవాడు.

ఒకరోజు నీలవేణి వచ్చింది. కోడలు పురిటికి వెళ్లి తిరిగొచ్చిందని, దానికి కోళ్లు పెంచాలని ముచ్చటగా ఉందని చెప్పింది. "ఆరు గుడ్లియ్యి వొదినా. పొదగేసుకుంటాది."

కూర్మమ్మ చేతిలో చాట కింద పెట్టింది. "వండుకోడానికైతే ఉడకబెట్టి ఇస్తాను."

నీలవేణి నవ్వింది, పరాచికమనుకుని. ఆమె నవ్వకపోయేసరికి ఆగిపోయింది. "నిజంగానే అంటన్నావేటి?"

"సంతకం పెట్టినాను నీలవేణీ."

"ఎవడికి? ఆ గుడ్లు ఉడకబెట్టినోడికా? నా పెట్టని పన్నెండు రోజులు ఆడి సచ్చిన గుడ్ల మీద కూకోబెట్టినాను కదా. నాను ఏ కాగితం అడిగినాను?"

అరుగు మీద నుంచి జగన్నాధం కలగజేసుకున్నాడు. "ఇచ్చేయే. హైదరాబాద్‌లో ఉన్నోడు ఇక్కడ ఎవరి ఇంట్లో ఏ కోడుందో ఎలగ సూస్తాడు?"

"ఆడు సూడడు. నాను సూస్తన్నాను కదా" అంది కూర్మమ్మ. "మాటిచ్చి తెచ్చుకున్నాను. నాను పోయాక అన్నీ పట్టుకెల్లు నీలవేణీ. దొడ్డంతా నీదే. సంతకం నాది, సచ్చాక ఉండదు."

నీలవేణి చీర కొంగు నడుములో దోపుకుంది. "ఎప్పుడు పోతావో సెప్పు మరి, గంప తెచ్చుకుంటాను" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత బోరింగు దగ్గర ఎదురుపడినా పలకరించలేదు. ఆమె కోడలు నెల్లిమర్ల నుంచి తెల్ల కోడిపిల్లలు తెచ్చుకుంది.

ఉమాశంకర్ మాత్రం పండక్కి పోస్టాఫీసుకు ఫోన్ చేశాడు. జత బాగుందా, గుడ్లు పెడుతున్నాయా అని అడిగాడు. ఈసారి వచ్చినప్పుడు ఎండుచేపల పులుసు తినిపించమన్నాడు. కూర్మమ్మ సరే బాబూ అంది. ఫోన్ పెట్టేశాక కూర్మమ్మ ఆ పోస్టాఫీసు బల్ల మీదే తల వాల్చి ఏడ్చింది. ఎవరో మనియార్డరు కట్టడానికి వస్తే కళ్లు తుడుచుకుని, కోళ్లకు నీళ్లు పెట్టాలని లేచి ఇంటికి నడిచింది.